ఆధార్ నంబరు పాస్‌వర్డ్ కాదు

మీ ఆధార్ జిరాక్స్ ఇప్పటిదాకా ఎన్ని చోట్ల ఇచ్చారో ఒకసారి లెక్కేయండి. కాలేజీ అడ్మిషన్‌కి, స్కాలర్‌షిప్‌కి, హాస్టల్‌కి, సిమ్‌కి, బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో, రెంటల్ అగ్రిమెంట్‌కి, టూర్‌కెళ్తే లాడ్జిలో, ఉద్యోగంలో చేరేటప్పుడు హెచ్‌ఆర్‌కి. పదిహేను దాటాక చాలామందికి లెక్క తప్పుతుంది. ఆ కాగితాలన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి? ఎవరికీ తెలీదు.

కాగితం సంగతి అలా ఉంచండి. అమీర్‌పేటలోనో, ఎస్సార్ నగర్‌లోనో ఏ నెట్ సెంటర్‌కైనా వెళ్లి పది నిమిషాలు నిలబడండి. "అన్నా, ఈ నంబర్‌కి వాట్సాప్ చేస్తున్నా, రెండు కాపీలు తియ్యి" అంటూ ఒకరి తర్వాత ఒకరు వస్తుంటారు. అన్న వాట్సాప్ వెబ్‌లో ఫైలు తెరుస్తాడు, డౌన్‌లోడ్ కొడతాడు, ప్రింట్ తీసిస్తాడు. మనం పది రూపాయలు స్కాన్ చేసి వచ్చేస్తాం. ఫైలు మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో వందల మంది ఆధార్‌లు, పాన్ కార్డులు, పదో తరగతి మెమోలు ఒకదాని కింద ఒకటి పడి ఉంటాయి. షాపు అన్న మంచోడే కావచ్చు. కానీ ఆ కంప్యూటర్‌కి చాలాచోట్ల పాస్‌వర్డ్ కూడా ఉండదు.

ఇంకో తమాషా. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా, అదేంటో తెలుసుగా? మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, ఆ పక్కన మీరు పుట్టిన సంవత్సరం. అంటే ఫేస్‌బుక్‌లో మీకు హ్యాపీ బర్త్‌డే చెప్పినవాళ్లలో సగం మంది దాన్ని తెరవగలరు.

ఇదంతా భయపెట్టడానికి చెప్పట్లేదు. ఒక విషయం ఒప్పేసుకుంటే మిగతా పని సులువవుతుంది. మీ ఆధార్ నంబరు, పాన్ నంబరు, పుట్టినరోజు, నాన్న పేరు ఇప్పటికే బయట ఉన్నాయి. ఇక ముందు జాగ్రత్తగా ఉండొచ్చు గానీ, బయటికి పోయినవి వెనక్కి రావు. కాబట్టి నంబరు దాచుకోవడం మీదే ఆధారపడితే కుదరదు.

మా ఫీల్డ్‌లో రెండు మాటలు వాడతాం. ఐడెంటిఫికేషన్, ఆథెంటికేషన్. మొదటిది 'నువ్వెవరు' అనే ప్రశ్న. రెండోది 'నువ్వే అనడానికి రుజువేంటి' అనే ప్రశ్న. ఇంటి డోర్ నంబరు మొదటిదైతే, ఇంటి తాళంచెవి రెండోది. డోర్ నంబరు వీధిలో అందరికీ తెలిసినా ఏం కాదు, తాళంచెవి మన దగ్గరుంటే చాలు. ఆధార్ నంబరు డోర్ నంబరు లాంటిది. వేలిముద్ర, ఓటీపీ, ఆ ఓటీపీ వచ్చే సిమ్... ఇవీ తాళంచెవులు. గొడవెక్కడొస్తుందంటే, మన దేశంలో చాలామంది ఆ జిరాక్స్ కాగితాన్నే తాళంచెవిగా ఒప్పేసుకుంటారు. కాగితం చేతిలో ఉంటే మనిషి ఎదురుగా ఉన్నట్టే లెక్క.

2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జిరాక్స్ ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకండి, దుర్వినియోగం కావచ్చు, మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని. సోషల్ మీడియాలో గోల మొదలైంది. మరి ఇన్నాళ్లూ ఇచ్చినవన్నీ ఏంటి అని జనం అడిగారు. రెండు రోజుల్లో ప్రకటన వెనక్కి తీసుకున్నారు, తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉందని. నన్నడిగితే మొదటి ప్రకటనలో ఉన్న సలహా బంగారం. మాస్క్‌డ్ ఆధార్‌లో మొదటి ఎనిమిది అంకెలు కనపడవు, చివరి నాలుగే ఉంటాయి. ఆధార్ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఒక చిన్న టిక్ పెడితే వస్తుంది. హాస్టల్‌కీ, లాడ్జికీ అది చాలు. ఫుల్ కాపీయే కావాలని మొండికేస్తే, జిరాక్స్ మీద అడ్డంగా 'ఫలానా హాస్టల్ కోసం మాత్రమే' అని రాసి తేదీ వేసి ఇవ్వండి. ఖాళీగా ఉన్న మూలలో రాస్తే కత్తిరించేస్తారు, ఫొటోకి తగిలేలా రాయండి.

ఇప్పుడు తాళంచెవుల దగ్గరికొద్దాం. మొదటిది వేలు.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌లు అమ్మే ఒక కుర్రాడు దొరికిపోయాడు. అతను చేసిన పని వింటే మతిపోతుంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో భూముల దస్తావేజులు ఆన్‌లైన్‌లో ఉంటాయి. వాటి మీద అమ్మినవాళ్లవీ కొన్నవాళ్లవీ వేలిముద్రలుంటాయి, ఆధార్ నంబర్లూ ఉంటాయి. వాటిని డౌన్‌లోడ్ చేసి, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకిలీ వేళ్లు తయారుచేశాడు. వాటితో వేల కొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఎందుకో తెలుసా? సేల్స్ టార్గెట్ కోసం. పెద్ద హ్యాకర్ కాదు. టార్గెట్ కొట్టాలి, అంతే. నాలుగేళ్ల తర్వాత, 2022లో, సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు. ఈసారి వేలిముద్రలు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ పత్రాల నుంచి తీశారు, పోయినవి సిమ్‌లు కాదు, ఖాతాల్లో డబ్బులు.

వేలిముద్రతో డబ్బు ఎలా పోతుందని అడగొచ్చు. ఊళ్లో మైక్రో ఏటీఎం పట్టుకుని తిరిగే బ్యాంకు మిత్ర ఉంటారు కదా. ఆధార్ నంబరు చెప్పి, బ్యాంకు పేరు చెప్పి, వేలు పెడితే డబ్బులిస్తారు. దాన్నే ఏఈపీఎస్ అంటారు. బ్యాంకు బ్రాంచి లేని ఊళ్లకి అది నిజంగా గొప్ప సౌకర్యం. కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ కూడా రాదు. అక్కడే చిక్కు. అచ్చం మీ వేలులాంటి రబ్బరు ముక్క ఎవరిదగ్గరైనా ఉంటే మీరు నిద్రలో ఉండగానే మీ ఖాతా నుంచి డబ్బు తీయొచ్చు. బతికున్న వేలో, బొమ్మ వేలో కనిపెట్టేలా 2023లో ఆధార్ సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది. మంచిదే. కానీ పాస్‌వర్డ్ లీకైతే మార్చుకోవచ్చు, వేలు లీకైతే ఏం మారుస్తాం?

అందుకే బయోమెట్రిక్ లాక్. ఎం-ఆధార్ యాప్‌లోనో, మై ఆధార్ పోర్టల్‌లోనో లాగిన్ అయితే ఆ ఆప్షన్ ఉంటుంది. లాక్ వేస్తే మీ వేలు, కనుపాప, ముఖం దేనితోనూ ఎవరూ ఆథెంటికేట్ చేయలేరు, మీరు కూడా. ఓటీపీతో చేసే పనులు మామూలుగానే నడుస్తాయి. కొత్త సిమ్ తీసుకునేటప్పుడో ఇంకేదైనా అవసరానికో కాసేపు అన్‌లాక్ చేసుకోవచ్చు, మళ్లీ దానంతటదే పడిపోతుంది. అదే చోట ఆథెంటికేషన్ హిస్టరీ అని ఉంటుంది. గడిచిన ఆరు నెలల్లో మీ ఆధార్‌ని ఎవరు, ఎప్పుడు, వేలితోనా ఓటీపీతోనా వాడారో చూపిస్తుంది. చూడండి, భలే ఆసక్తిగా ఉంటుంది. మీకు గుర్తులేని ఎంట్రీ కనిపిస్తే 1947కి ఫోన్ చేయండి. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరమే ఆ నంబరు, మర్చిపోరు.

రెండోది సిమ్. బ్యాంకు, జీమెయిల్, డిజీలాకర్... అన్నిటి ఓటీపీ దాని మీదకే వస్తుంది. అంటే మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో తెలియడం కనీస అవసరం. ఈ సంగతి చూసుకునే సదుపాయాన్ని టెలికాం శాఖ 2021లో మొదట పెట్టింది మన రెండు రాష్ట్రాల్లోనే. ఇప్పుడది సంచార్ సాథీ పోర్టల్‌లో, యాప్‌లో దేశమంతా ఉంది. మీ నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే, మీ పేరు మీదున్న నంబర్లన్నీ జాబితాగా వస్తాయి. ఒక్కో దాని పక్కన 'నాది కాదు', 'అవసరం లేదు', 'కావాలి' అని మూడు ఆప్షన్లు. మామూలుగా ఒకరికి తొమ్మిది సిమ్‌లు మించకూడదు. మించకూడదనేది రూలు మాత్రమే అనుకోండి. 2023లో ముఖాలు పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌తో టెలికాం శాఖ వెతికితే విజయవాడలో ఒకే ఫొటోతో 658 సిమ్‌లు తేలాయి.

ఇక్కడే ఇంకొకటి. రీచార్జి మానేసి పక్కన పడేసిన పాత నంబరు మీ బ్యాంకుకో ఆధార్‌కో లింకై ఉందేమో చూసుకోండి. డిస్కనెక్ట్ అయ్యాక 90 రోజులు ఆగి ఆ నంబరుని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ కొత్త మనిషి ఏ పాపం చేయకపోయినా మీ ఓటీపీలు వాళ్ల ఫోన్‌లో మోగుతాయి.

ఫోన్‌కి లాక్ పెట్టుకుంటాం గానీ సిమ్‌కి పెట్టం. ఫోన్ పోయినప్పుడు దొంగ చేసే మొదటి పని సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేయడం. సెట్టింగ్స్‌లో సిమ్ పిన్ అని ఉంటుంది, ఆన్ చేసుకోండి. ముందు మీ కంపెనీ డీఫాల్ట్ పిన్ ఏంటో కనుక్కున్నాకే ముట్టుకోండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాకై పీయూకే కోడ్ అడుగుతుంది. అది కస్టమర్ కేర్ దగ్గర తీసుకోవాలి.

ఇక అప్పులు. 2022లో ఇద్దరు సినిమావాళ్లు ట్విట్టర్‌లో ఒకే గోడు వెళ్లబోసుకున్నారు. తన పాన్ మీద ఎవరో రెండు వేల రూపాయల లోన్ తీసుకున్నారని ఫిబ్రవరిలో సన్నీ లియోనీ, రెండున్నర వేలు తీసుకున్నారని ఏప్రిల్‌లో రాజ్‌కుమార్ రావ్. కోట్లు సంపాదించేవాళ్ల పేరు మీద రెండు వేల అప్పు! అంత చిన్న మొత్తం ఎందుకంటే, చిన్న మొత్తానికి చెకింగ్ కూడా చిన్నదే. అప్పట్లో లోన్ యాప్‌లకి పాన్ నంబరు, ఒక ఫోన్ నంబరు ఉంటే దాదాపు సరిపోయేది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒక తమ్ముడికి సరిగ్గా ఇదే జరిగింది. చేరిన మూడో నెలలో బైక్ లోన్‌కి అప్లై చేశాడు. రిజెక్ట్. ఎందుకని అడిగితే సిబిల్ బాలేదన్నారు. వీడు జీవితంలో అప్పు తీసుకున్నది లేదు, క్రెడిట్ కార్డు కూడా లేదు. రిపోర్టు తీసి చూస్తే రెండు యాప్ లోన్‌లు, ఏడాది పైగా కట్టనివి. అందులో ఉన్న ఫోన్ నంబరు వీడిది కాదు, అడ్రసు వీడు ఎప్పుడూ వెళ్లని ఊరిది. ఫైనలియర్‌లో ఉన్నప్పుడు ఉద్యోగం ఇప్పిస్తామన్న ఏదో కన్సల్టెన్సీకి ఆధార్, పాన్, సంతకం, ఫొటో అన్నీ వాట్సాప్‌లో పంపాడట. అక్కడి నుంచే పోయాయా అంటే రుజువు లేదు.

లోన్ ఇచ్చిన కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అవతలివాళ్లు చాలా మర్యాదగా చెప్పారు. "సార్, మొత్తం పది వేలే కదా, కట్టేయండి, వారంలో క్లియర్ అయిపోతుంది." ఇంట్లో నాన్న కూడా అదే మాట అన్నారట, పోతే పోయింది, పీడ వదులుతుంది అని. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయకండి. కట్టారంటే ఆ అప్పు మీదేనని ఒప్పుకున్నట్టే. రిపోర్టులో ఆలస్యం మచ్చ అలాగే ఉంటుంది. పైగా అదే పాన్ మీద రేపు మూడో లోన్ రాదని గ్యారంటీ ఏంటి?

వాడు చేసింది ఇదీ. ముందు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబరు తీసుకున్నాడు. తర్వాత క్రెడిట్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ రెండు ఖాతాలూ తనవి కావని డిస్ప్యూట్ వేశాడు. లోన్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టాడు. ఫోన్ కాదు, ఈమెయిల్. అందులో అడిగింది ఒక్కటే: డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో వేశారో, ఏ సెల్ఫీ తీసుకున్నారో చూపించండి. దానికి వాళ్ల దగ్గర జవాబు లేదు. రెండు నెలలు పట్టింది గానీ రెండూ తీసేశారు. ఇక్కడ తెలుసుకోవాల్సిన రూలు ఒకటుంది. ఇలాంటి ఫిర్యాదు 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి వంద రూపాయల చొప్పున మనకి పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మెయిల్‌లో ఈ సంగతి ఒక లైను రాయండి, జవాబులో వేగం తేడా కనిపిస్తుంది. అప్పటికీ కదలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇంతదాకా రాకముందే పట్టుకోవాలంటే రిపోర్టు చూసుకుంటూ ఉండాలి. దేశంలో క్రెడిట్ బ్యూరోలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికి ఒక ఫుల్ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఉన్న రూలు. నెలనెలా డబ్బు కట్టే ప్లాన్‌లు మీ కళ్లకి కనిపించినంత పెద్దగా ఆ ఉచిత లింకు కనిపించదు, ఓపిగ్గా వెతకండి. మూడు నెలలకొకటి చొప్పున నాలుగు బ్యూరోలవీ తీసుకుంటే ఏడాదంతా కాపలా కాసినట్టే. చాలామంది స్కోరు చూసి మూసేస్తారు. స్కోరు కాదు, ఎంక్వైరీలు చూడండి. మీ రిపోర్టుని ఎవరెవరు తీశారో అక్కడుంటుంది. మీరు అప్లై చేయని కంపెనీ పేరు కనిపించిందంటే ఎవరో మీ పేరుతో తలుపు తడుతున్నట్టు. పాత అడ్రసులు, ఫోన్ నంబర్లు ఉన్న పేజీ కూడా చదవండి.

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న మన పిల్లలకైతే ఇంకా సూటి దారి ఉంది. సోషల్ సెక్యూరిటీ నంబరు రాగానే మూడు బ్యూరోల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ పెట్టేయడం. 2018 సెప్టెంబరు నుంచి అది ఉచితం. 2017లో ఈక్విఫాక్స్ నుంచి 14 కోట్ల మందికి పైగా అమెరికన్ల వివరాలు పోయాక వచ్చిన మార్పు అది. కార్డుకి అప్లై చేసేటప్పుడు తీసి, మళ్లీ పెట్టుకోవచ్చు.

లోన్ డబ్బు నేరుగా అప్పు తీసుకున్నవాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడాలని 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు నిబంధన తెచ్చింది. దాంతో మోసగాళ్లకి మీ పాన్ నంబరు ఒక్కటే సరిపోదు, డబ్బు తీసుకోవడానికి ఎవరిదో ఒకరి ఖాతా కూడా కావాలి. అందుకే టెలిగ్రామ్ గ్రూపుల్లో, హాస్టల్ రూముల్లో ఒక ఆఫర్ తిరుగుతూ ఉంటుంది. "మామా, నీ పేరు మీద ఒక ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు చాలు, నెలకింత ఇస్తా." ఇది దొంగతనం కూడా కాదు, మన గుర్తింపుని మనమే అద్దెకివ్వడం. ఆ ఖాతాలోకి ఎక్కడో రిటైరైన మాస్టారి డబ్బు వచ్చి పోతుంది. పోలీసులు నోటీసు పట్టుకుని వచ్చేది ఖాతా ఎవరి పేరు మీదుంటే వాళ్ల ఇంటికి. నాకేం తెలీదు అంటే కుదరదు, కార్డు ఇచ్చింది మీరే కాబట్టి. ఫ్రెండే కదా అని ఇచ్చి, ఉద్యోగం బ్యాక్‌గ్రౌండ్ చెక్ దగ్గర ఇరుక్కోవద్దు.

ఉద్యోగం అంటే గుర్తొచ్చింది. మన రెజ్యూమేల్లో ఇప్పటికీ నాన్న పేరు, పుట్టిన తేదీ, డోర్ నంబరుతో సహా పర్మనెంట్ అడ్రసు, కింద 'ఐ హియర్‌బై డిక్లేర్' అని సంతకం. సీనియర్ దగ్గర కాపీ కొట్టిన ఫార్మాట్, ఆ సీనియర్ ఇంకో సీనియర్ దగ్గర కొట్టింది. అవన్నీ తీసేయండి, సంతకంతో సహా. ఆఫర్ లెటర్ చేతికి రాకముందు ఏ అసలైన కంపెనీకీ మీ పాన్, ఆధార్ అక్కర్లేదు. ఇంటర్వ్యూ స్లాట్ కోసమే పాన్ అడిగారంటే అక్కడితో ఆపేయండి. ఏడాదికోసారి ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఏఐఎస్ తెరిచి, మీరు పనిచేయని కంపెనీ మీకు జీతం ఇచ్చినట్టు ఏమైనా ఉందేమో చూడండి. జీఎస్టీ పోర్టల్‌లో మీ పాన్ కొట్టి వెతికితే మీకు తెలియకుండా మీరో వ్యాపారి అయ్యారో లేదో తెలుస్తుంది.

డబ్బే పోతే, పోయిందని తెలిసిన నిమిషంలో 1930కి ఫోన్ చేయండి. డబ్బు నాలుగైదు ఖాతాలు మారేలోపు ఆపగలిగితేనే దొరుకుతుంది, కాబట్టి మావయ్యకి చెప్పి, ఫ్రెండ్‌కి చెప్పి, ఆ తర్వాత చేద్దాంలే అనుకోవద్దు. మీ వల్ల తప్పు లేకుండా పోయిన డబ్బుకి, మూడు పని దినాల్లోపు బ్యాంకుకి చెబితే మీ బాధ్యత సున్నా అని 2017లోనే రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఉంది. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే మాత్రం ఆ సున్నా వర్తించదు.

చివరిగా అమ్మానాన్నల సంగతి. మనకి యూపీఐ ఉంది, వేలితో డబ్బు తీయాల్సిన పనే రాదు, కాబట్టి ఈ రాత్రే లాక్ వేసేసుకోవచ్చు. పొలం రిజిస్ట్రేషన్ చేయించుకుని, బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకునే నాన్నకే అసలు ప్రమాదం. కానీ ఆయన ఫోన్ తీసుకుని చెప్పకుండా లాక్ పెట్టేసి హైదరాబాద్ బస్సెక్కితే కుదరదు. రేషన్‌కీ, పింఛనుకీ కూడా వేలు పెట్టాలి. మిషన్ ఒప్పుకోకపోతే డీలర్ "ఆధార్ పనిచేయట్లేదు పెద్దాయనా" అని వెనక్కి పంపేస్తాడు, ఆయన ఎండలో మీ సేవకో సచివాలయానికో తిరుగుతాడు. వాళ్లకి స్మార్ట్‌ఫోన్ అలవాటుంటే అన్‌లాక్ చేయడం పక్కన కూర్చోబెట్టి రెండు మూడుసార్లు చేయించండి. అలవాటు లేకపోతే లాక్ జోలికి పోకండి. ఆధార్ లింకున్న ఖాతాలో నెల ఖర్చుకి సరిపడా ఉంచి, మిగతాది ఎఫ్‌డీలో వేయించండి. ఆధార్‌తో డబ్బు తీసే సౌకర్యం ఆపగలరేమో బ్రాంచిలో కాగితం రాసి అడగండి. బ్యాంకు మెసేజ్‌లు వాళ్ల పాత కీప్యాడ్ ఫోన్‌కి వస్తుంటే, అందులో డబ్బు తీసినట్టు మెసేజ్ ఎలా ఉంటుందో చూపించండి. ఆ మెసేజ్ వస్తే ముందు మీకు ఫోన్ చేయమనండి, ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా సరే ఎత్తండి.